బిడ్డ నాలుక మీది వస కొమ్ముకు కేస్ షీట్‌లో ఒక గడి ఇవ్వండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ, ఆయుష్ శాఖ అధికారులకు. నీలోఫర్, పేట్లబుర్జు, సుల్తాన్ బజార్, గాంధీ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు. నగరంలోని ఎథిక్స్ కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పసికందుల వార్డుల్లో, మూలికల పరీక్షశాలల్లో పనిచేసే కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. బిడ్డ పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ చేస్తాం. నెలలు నిండిన బిడ్డకు 1 మిల్లీగ్రాము, తొడ కండరంలోకి, ఫలానా గంటకు, ఫలానా బ్యాచ్ అని కేస్ షీట్‌లో రాస్తాం. అదే బిడ్డకు ఇంటికి వెళ్ళాక వస అరగదీసి నాలుకకు రాస్తారు, ఆముదం చుక్క వేస్తారు, కాటుక దిద్దుతారు, సాంబ్రాణి పొగ వేస్తారు, బొడ్డుకు పసుపు అద్దుతారు. ఇవన్నీ బిడ్డ ఒంట్లోకి వెళ్ళేవే అయినా వీటి లెక్క ఏ కాగితం మీదా ఉండదు. మళ్ళీ జ్వరంతోనో, ఫిట్స్‌తోనో, పచ్చబడిపోయో వార్డుకు తెచ్చినప్పుడు మనం కారణం వెతికేది ఆసుపత్రిలో రాసుకున్న సగం కథలోనే.

మేం కోరేది: ఇంట్లో పెట్టేవాటినీ మోతాదుతో సహా రాయించండి. మేలు చేయగలవని తోచినవాటిని మందులను పరీక్షించినంత కచ్చితంగా పరీక్షించండి. చెడు చేస్తాయని ఇప్పటికే తేలినవాటిని మాత్రం పరిశోధన పేరుతో ఇంకో బిడ్డ మీద వాడనివ్వకండి.

ముందు అడిగే తీరు మారాలి. "నాటు మందులేమైనా పెట్టారా?" అంటే తల్లి "లేదండీ" అంటుంది. ఆమె దాచిపెట్టి చెప్పే మాట కాదది. ఆమె లెక్కలో వస మందు కాదు, ఆముదం మందు కాదు, అవి నీళ్ళు పోయడంలో భాగం. పైగా ఆ పని చేసింది అమ్మమ్మో, నీళ్ళు పోయడానికి వచ్చే మనిషో. కాబట్టి నీళ్ళు పోసినవాళ్ళనే అడగాలి, ఒంట్లో చోటు పేరు పెట్టి అడగాలి. నీళ్ళు పోసేముందు ఒంటికి ఏం రాశారు? పోశాక నోట్లో ఏం పెట్టారు? బొడ్డుకు ఏం అద్దారు? కంట్లో, ముక్కులో, చెవిలో ఏం వేశారు? పొగ ఎంతసేపు వేశారు, తలుపులు మూసే వేశారా? ఈ ఐదు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. పాతబస్తీలో ఇవే దక్కనీలో అడగాలి. ఘుట్టీ (పసిపిల్లలకు పట్టే నాటు మందు), సుర్మా (కంటికి పెట్టే నల్లపొడి), షహద్ (తేనె) అని పేరు పెట్టి అడిగితేనే జవాబు వస్తుంది. ఆరో ప్రశ్న ఒకటుంది, బిడ్డకు తొడిగిన పాత బట్టలు ఎక్కడ దాచినవని. అది ఎందుకో కామెర్ల దగ్గర చెబుతాం.

జవాబులో నాలుగు ముక్కలు ఉండాలి: ఏది, ఏ రోజు నుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎక్కడ కొన్నది. వాడగా మిగిలిన ముక్క ఉంటే తెమ్మనాలి. దాన్ని పాలిథిన్ సంచిలో వేస్తే తేమకు బూజు పడుతుంది. కాగితపు కవరులో పెట్టి, తేదీ, కేస్ నంబరు వేసి దాచాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఎలాగూ వెళ్తుంది. ఆ ఫారంలోనూ ఇవే ప్రశ్నలు చేర్చితే కొత్త సిబ్బంది అక్కర్లేదు. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల దాటాక మొదలయ్యేవి కొన్ని ఉంటాయి. అవి డిశ్చార్జి నాటి ప్రశ్నకు దొరకవు, 14, 28 రోజుల సందర్శనల్లోనే దొరుకుతాయి.

ఇక వస సంగతి. మాటలు త్వరగా వస్తాయని, కడుపునొప్పి తగ్గుతుందని ఆ కొమ్మును ఆముదపు దీపం మీద కాల్చి, సానరాయి మీద చనుబాలతో అరగదీసి, వేలితో నాలుకకు రాస్తారు. ప్రశ్న అంతా దానిలోని బీటా అసరోన్ అనే పదార్థం గురించి. ఎలుకల మీద ప్రయోగాల్లో దీని వల్ల కణితులు వచ్చాయి. అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. అయితే వస అంతా ఒకటి కాదు. కణంలో క్రోమోజోములు ఎన్ని వరుసలున్నాయో దాన్ని బట్టి, రెండు వరుసల డిప్లాయిడ్ రకంలో బీటా అసరోన్ దాదాపు ఉండదు, మూడు వరుసల ట్రిప్లాయిడ్‌లో కొంత ఉంటుంది, నాలుగు వరుసల టెట్రాప్లాయిడ్ నూనెలో చాలా ఎక్కువ. బేగంబజార్ మూలికల దుకాణంలో కొన్న కొమ్ము వీటిలో ఏదో కంటితో చూసి చెప్పలేం. అల్లం కుటుంబానికి చెందిన దుంపరాష్ట్రం ముక్కలు కలిసినా ఎండిపోయాక పోల్చుకోవడం కష్టం.

అందుకే వస మీద ఏ అధ్యయనం మొదలుపెట్టినా ముందు ఆ కొమ్ము ఏదో తేల్చాలి. మొక్క నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు దాచే చోట) నంబరుతో భద్రపరచాలి, హెచ్‌పీటీఎల్‌సీ (పదార్థాలను పలక మీద విడగొట్టి చూపే పరీక్ష) మీద దాని వేలిముద్ర తీయాలి, నూనెను జీసీ-ఎంఎస్‌లో (ఆవిరయ్యే పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) పెట్టి బీటా అసరోన్ ఎంతో కొలవాలి. వస విత్తనంతో కాక దుంపతో పెంచే పైరు. పసుపు, అల్లం లాగే, తల్లి దుంపలో వైరస్ ఉంటే పిల్ల దుంపలకూ అదే దిగుతుంది. తెగులు పడిన మొక్కలో రసాయనాల పాళ్ళు ఆరోగ్యంగా ఉన్న మొక్కలో లాగే ఉంటాయని అనుకోవడానికి లేదు. ఆకు మీద మచ్చలు, పసుపు చారలు ఉన్న మడి నుంచి తీసిన దుంపను పరిశోధనకు వాడకూడదు. ఇది మొక్కల వైరస్‌లు తెలిసినవాళ్ళు పొలంలోనే చూసి చెప్పగల పని.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, బజారులో వస పొడి కొని దాన్ని పరీక్షించి "ఇంత ఉంది" అని రాసేయడం. బిడ్డ నాలుక మీదికి వెళ్ళేది ఆ పొడి కాదు, కాల్చిన కొమ్ము గంధం. బీటా అసరోన్ ఆవిరయ్యే గుణం ఉన్నది. కొమ్ము పైపైన మాడితే లోపల మిగిలే పాళ్ళు వేరు, బొగ్గు అయ్యేదాకా కాలిస్తే వేరు. కాబట్టి ఇంట్లో చేసినట్టే చేసి కొలవాలి. నీళ్ళు పోసే అనుభవం ఉన్న పదిమంది ఆడవాళ్ళతో వాళ్ళ అలవాటు ప్రకారమే కాల్పించి, అరగదీయించి, వచ్చిన గంధాన్ని ముందే తూచిపెట్టిన గాజు పళ్ళెంలోకి తీసుకోవాలి. సగం గంధం ఆరబెట్టి ఎన్ని మిల్లీగ్రాములో తూచాలి, మిగతా సగం వెంటనే మూత బిగించి జీసీ-ఎంఎస్‌కు పంపాలి. ఆరబెట్టిన గంధాన్నే అసరోన్ పరీక్షకు పంపితే ఆవిరైపోయిన భాగం లెక్కలోకి రాదు. సానరాయిని వట్టి చనుబాలతో అరగదీసిన ఇంకో నమూనా కూడా ఉండాలి, రాతి పొడిని వస లెక్కలో కలపకుండా. ఈ అంకె చేతిలో లేకుండా వస మంచిదనీ, విషమనీ ఎవరు అన్నా అది ఊహే అవుతుంది. అంతవరకు తల్లులకు మనం చెప్పాల్సింది ఒకటే: ఆరు నెలల దాకా చనుబాలు తప్ప నాలుక మీద ఇంకేమీ పెట్టొద్దు.

సుర్మాకు, తేనెకు, ముక్కులో నూనెకు ఏ పరిశోధనా అక్కర్లేదు. సుర్మా రాయి గెలీనా అయితే అది లెడ్ సల్ఫైడ్. బరువులో 86 శాతం పైగా సీసమే. మందుల ప్రమాణాల పుస్తకమైన ఆయుర్వేద ఫార్మకోపియా మూలికల్లో సీసానికి పెట్టిన హద్దు 10 పీపీఎం, అంటే గ్రాముకు 10 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క మిల్లీగ్రాము గెలీనాలో ఉన్న సీసం, హద్దు మీదున్న 86 గ్రాముల మూలికలో ఉన్నంత. బిడ్డ కన్ను నలుపుకుని ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. ఇంట్లో ఆముదపు దీపం మసితో చేసిన కాటుకకు, దుకాణంలో కొన్న నల్లపొడికి తేడా ఇదేనని తల్లులకు చెప్పాలి; అయినా పసికందు కంటి లోపల మసి కూడా వద్దు. రక్తంలో సీసం కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త: వేలో మడమో పొడిచి తీసే చుక్కకు చర్మం మీది కాటుక అంటితే అంకె అబద్ధమవుతుంది. సబ్బుతో కడిగి, ఆరాక తీయాలి. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే సిరరక్తంతో, సీసం లేని ప్రత్యేక ట్యూబులో మళ్ళీ చూడాలి. తేనెలో, నరాలను చచ్చుబరిచే బొట్యులిజం జబ్బు తెచ్చే సూక్ష్మక్రిమి బీజాలు ఉండొచ్చు కనుక ఏడాది నిండేదాకా ఇవ్వకూడదు. ముక్కులో నూనె చుక్కలు వేసినా, ఏడుస్తున్న బిడ్డకు ఆముదం బలవంతంగా పట్టినా అది ఊపిరితిత్తుల్లోకి దిగి లిపాయిడ్ న్యుమోనియా వస్తుందని దక్షిణాది పిల్లల గురించి 1970ల నుంచే వైద్య పత్రికల్లో ఉంది.

కామెర్ల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇంటి అలవాట్లు ఎక్కువ ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడే. మొదటి 24 గంటల్లో పచ్చబడితే అది ఎప్పుడూ మామూలు కాదు. మన దగ్గర కొందరు పిల్లల్లో జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండడం) ఉంటుంది. ఆ లోపం ఉన్న బిడ్డకు కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి, ఒంటిని పచ్చగా చేసే బిలిరుబిన్ వేగంగా ఎగబాకుతుంది. పుట్టిన బిడ్డకు కొత్త బట్టలు వేయకూడదని, పెద్దవాళ్ళ మెత్తటి పాత చీర ముక్కలో చుట్టడం మన ఆచారం. మంచి ఆచారమే, నూలు బట్ట చర్మాన్ని ఒరుసుకోదు. కానీ ఆ చీర పెట్టెలో కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి ఉన్నదైతే నాఫ్తలీన్ నేరుగా బిడ్డ ఒంటికి అందుతుంది. ఆరో ప్రశ్న ఇందుకే. ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరేసి వాడమని ప్రసవానికి ముందు చెకప్‌లోనే చెప్పాలి. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం కూడా అలాంటి పిల్లల్లో రక్తకణాలను పగలగొట్టిన సందర్భాలు నమోదయ్యాయి. ఆకు పచ్చటిదైనా, పొడి అయినా పసికందు చేతికి పెట్టకూడదు. జీ6పీడీ పరీక్షను రక్తకణాలు జోరుగా పగులుతున్నప్పుడే చేస్తే కొత్త కణాలు ఎక్కువగా ఉండి ఫలితం మామూలుగా రావచ్చు. అనుమానం ఉంటే మూడు నెలలాగి మళ్ళీ చేయాలి. "నార్మల్" అని ఫైలు మూసేయకూడదు.

మానుపసుపులో బెర్బెరిన్ ఉంటుంది. అది రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ నుంచి బిలిరుబిన్‌ను విడదీయగలదని ప్రయోగశాలలో కనిపించింది. విడిపోయిన బిలిరుబిన్ మెదడులోకి వెళ్ళగలదు. సింగపూర్ 1978లో బెర్బెరిన్‌ను నిషేధించి, చాలా ఏళ్ళ తర్వాత ఆధారాలు మళ్ళీ పరిశీలించి సడలించింది. బాలింతకు, బిడ్డకు ఇచ్చే కషాయాల్లో మానుపసుపు ఉందేమో చూడడం అందుకే అవసరం. "లైటు కింద పెట్టాలి" అని డాక్టరు చెప్పాక కూడా పొద్దుటి ఎండలో చూపిస్తే పోతుందని బిడ్డను ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. ఆ లైటు చికిత్స, ఫోటోథెరపీ, పనిచేసేది 460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతితో. ఎండలో ఆ కాంతి ఉంది, దానితోపాటు చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు, వేడి కూడా ఉన్నాయి. నైజీరియాలో ఆ రెంటినీ వడకట్టే ఫిల్ములు కట్టిన పందిరి కింద పిల్లలను ఉంచి పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితాల్లో అది మామూలు ఫోటోథెరపీకి తీసిపోలేదు. కరెంటు నమ్మకం లేని ఊళ్ళకు ఇది మన దగ్గర పరీక్షించదగ్గ విషయమే. కానీ హైదరాబాద్ మే నెల వేరు. గంటగంటకూ చంకలో ఉష్ణోగ్రత చూడాలి, కాంతి మీటరుతో కొలవాలి, బిలిరుబిన్ ట్యూబును అల్యూమినియం రేకులో చుట్టి పంపాలి. వెలుతురులో అరగంట ఉన్న ట్యూబులో బిలిరుబిన్ తక్కువ చూపిస్తుంది, ఆ తక్కువ అంకెను చూసి బిడ్డకు మేలు జరిగిందని రాసుకుంటాం.

బొడ్డు విషయం తేలిగ్గా తేలిపోయినదే. ఆసుపత్రిలో పుట్టి శుభ్రంగా ఉన్న బొడ్డుకు ఏమీ రాయకుండా పొడిగా ఉంచాలి. పసుపు, బూడిద, నూనె వంటివి రాసే అలవాటు బలంగా ఉన్నచోట క్రిములను చంపే 7.1 శాతం క్లోర్‌హెక్సిడిన్ డైగ్లూకోనేట్ మందును మొదటి వారం రోజుకోసారి రాయాలి. నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ అధ్యయనాల్లో దీనితో మరణాలు తగ్గాయి. జాంబియాలో, టాంజానియాలోని పెంబా దీవిలో తగ్గలేదు. ఎక్కడి ఫలితాన్నయినా మన ఊరికి అలాగే అతికించకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఇచ్చేటప్పుడు సీసా మీద "కంట్లో వేయరాదు" అని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. చుక్కల మందనుకుని కంట్లో వేసి చూపు పోగొట్టిన సంఘటనలు ఇతర దేశాల్లో జరిగాయి.

నిజంగా పెద్ద పరీక్షకు అర్హమైనది నూనె. ఢాకాలో నెలలు నిండని పిల్లల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో అంటుకునే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో ప్రచురించారు. మన ఇళ్ళలో రాసేవి నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం. ఆ తర్వాత సున్నిపిండి నలుగు. ఆవనూనె చర్మపు పొరను దెబ్బతీస్తుందని ఎలుకల మీద తేలింది కాబట్టి అన్ని నూనెలూ ఒకటే అనుకోవద్దు. 1,500 గ్రాముల బిడ్డ చర్మం మీద గరుకు పిండితో రుద్దడమంటే మనం కాపాడాలనుకుంటున్న పొరనే చెరపడం, అందుకని నలుగును పరీక్షలో కలపకూడదు.

అయితే ఎంతమంది పిల్లలు కావాలి? ఒక్కో గుంపులో 30 మందిని పెట్టి "దుష్ఫలితాలు కనబడలేదు, కనుక సురక్షితం" అని రాసిన పత్రాలు ఎథిక్స్ కమిటీల ముందుకు వస్తుంటాయి. 30 మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదంటే, అసలు ప్రమాదం 10 శాతం దాకా ఉన్నా ఉండొచ్చని లెక్క. 300 మందిలో ఎవరికీ ఏమీ కాకపోతేనే 1 శాతం లోపు అనగలం. మేలు తేల్చాలంటే ఇంకా ఎక్కువ మంది కావాలి. సెప్సిస్ (ఒళ్ళంతా పాకే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్) 100కు 10 నుంచి 7కు తగ్గిందని చూపాలంటే ఒక్కో గుంపులో దాదాపు 1,350 మంది కావాలి. పక్కపక్క మంచాల తల్లులు సీసా పంచుకుంటారు, అది సహజం. కాబట్టి బిడ్డల వారీగా కాక వార్డుల వారీగా, వారాల వారీగా చీటీ వేయాలి. అప్పుడు సంఖ్య ఇంకా పెరుగుతుంది. సరి తేదీ, బేసి తేదీ పద్ధతి వద్దు, ఎవరికి ఏది వస్తుందో చేర్చుకునేవాళ్ళకు ముందే తెలిసిపోతుంది. ఒక్క ఆసుపత్రికి ఇంత సాధ్యం కాదు, నగరంలోని నాలుగైదు కలిస్తే సాధ్యం. అందుకే ఈ లేఖను అందరికీ కలిపి రాస్తున్నాం.

నూనె పరీక్షలో చెడేవి చిన్న చిన్న చోట్లే. లీటరు డబ్బాలో అందరూ చెయ్యి ముంచితే నూనెతోపాటు క్రిములూ పంచినట్టే. బిడ్డకు ఒక చిన్న సీసా, ముదురు రంగు గాజుది, తెరిచిన తేదీ వేసి, వేరే బిడ్డకు వాడకుండా ఉండాలి. కాటు వాసన రాకముందే, నూనె చెడుతోందా అని చెప్పే పెరాక్సైడ్ విలువ చూసి మార్చాలి. వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం) కింద ఉన్న బిడ్డకు ఉష్ణోగ్రత ప్రోబ్ అంటించే చోట నూనె తగలకూడదు. నూనెకు ప్రోబ్ జారితే యంత్రం బిడ్డ చల్లబడిందనుకుని వేడి పెంచుతూ పోతుంది. ఈ ఒక్క సంగతి నర్సులకు మొదటి రోజే చేతితో చూపించాలి, కాగితం మీద రాస్తే చాలదు.

రక్తం సంగతీ అంతే. మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 240 మిల్లీలీటర్లు, అంటే పావు లీటరు కన్నా కొంచెం తక్కువ. పరిశోధన కోసం ఒకసారికి 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటవద్దని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి: 2.4 మిల్లీలీటర్లు, 7.2 మిల్లీలీటర్లు. కిలో బిడ్డకు ఒకసారికి 1 మిల్లీలీటరు కూడా కష్టమే, అది బ్లడ్ కల్చర్‌కే సరిపోతుంది. కాబట్టి పరిశోధనకు వేరే సూది వద్దు. చికిత్సకు తీసినప్పుడు మిగిలినదే వాడాలని ప్రోటోకాల్‌లో రాయించండి. మడమ పిసికి తీస్తే కణాలు పగిలి పొటాషియం ఎక్కువ చూపిస్తుందని కూడా.

అంగీకారం పురిటి నొప్పుల్లో ఉన్న మనిషి దగ్గర తీసుకోకండి. ఏడో నెల చెకప్‌కు వచ్చినప్పుడు, అమ్మమ్మను కూడా కూర్చోబెట్టి, ఆమె మాటల్లోనే చెప్పండి. ప్రసవమయ్యాక మళ్ళీ అడగండి. వద్దన్నవారి బిడ్డకు వైద్యంలో ఏ తేడా రాదని మొదటి వాక్యంలోనే ఉండాలి. అధ్యయనాన్ని మొదటి బిడ్డను చేర్చకముందే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ప్రయోగాల రిజిస్ట్రీలో) నమోదు చేయాలి. నూనె వల్ల ఏ మేలూ లేదని తేలినా ఆ ఫలితాన్ని అదే శ్రద్ధతో ప్రచురించి, ఆశా కార్యకర్తల దాకా పంపాలి.

ఇందులో కొత్తగా కట్టాల్సిన భవనం ఏదీ లేదు. తార్నాక, హబ్సిగూడ దారిలో పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, కణ జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ కూతవేటు దూరంలో ఉన్నాయి. ఎర్రగడ్డలో ఆయుర్వేద కళాశాల, యునానీ పరిశోధన సంస్థ ఉన్నాయి. ఉస్మానియాలో వృక్షశాస్త్రం, పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో మొక్కల వైరస్‌లు తెలిసినవారు ఉన్నారు. ఒక కాగితపు కవరులోని వస కొమ్ము వీళ్ళందరి బల్లల మీదికీ ఒకే నంబరుతో వెళ్ళే దారి మీ ఉత్తర్వుతోనే పడుతుంది.

ఈసారి కేస్ షీట్లు అచ్చుకు పంపేముందు రెండో పేజీలో ఆ ఆరు ప్రశ్నలకు చోటు ఉంచండి. ప్రశ్నల తెలుగు, ఉర్దూ పాఠాలు, కవరు మీద అంటించే చీటీ నమూనా, వస గంధం కొలిచే పద్ధతి తయారు చేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పసికందుల వార్డుల్లో, మూలికల పరీక్షశాలల్లో పనిచేసే కొందరం
హైదరాబాద్